డీజే బండి నుంచి సన్‌బర్న్ దాకా: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి సీమలో ఎలక్ట్రానిక్ నృత్య సంగీతాభిమానం

సింథసైజర్లు, డ్రమ్ మెషీన్లు, కంప్యూటర్లతో కూర్చి, జనం ఆడుకోవడానికి వీలుగా గంటల తరబడి తెగకుండా వినిపించేది ఎలక్ట్రానిక్ నృత్య సంగీతం. ప్రపంచమంతా దీన్ని క్లుప్తంగా ఈడీఎం అంటుంది. ఇందులో గాయకుడి కంటే లయకు, సాహిత్యం కంటే ధ్వనికి పెద్దపీట. దీన్ని ప్రాణంగా చూసుకునే అభిమానులు ఇంట్లో విని ఊరుకోరు. ఏ డీజే ఏ ఊళ్ళో వాయిస్తున్నాడో కనిపెట్టుకుని, సెలవు పెట్టుకుని, రైలెక్కి వెళ్తారు. ఏలూరు జిల్లాలో, పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెంలో, కొల్లేటి లంకల్లో ఈ అభిమానానికి రెండు ముఖాలున్నాయి. ఒకటి తీర్థాల్లో, నిమజ్జనాల్లో, పెళ్ళి ఊరేగింపుల్లో కనిపించే డీజే బండి. రెండోది హైదరాబాదు, గోవా, ముంబయిల్లో జరిగే పెద్ద ఉత్సవాలు. రెండూ ఒకే వేరు నుంచి వచ్చినవని చరిత్ర చెబుతోంది.

ఒక మాట, రెండు అర్థాలు

డీజే అంటే డిస్క్ జాకీ, రికార్డులు వేసే మనిషి. గోదావరి జిల్లాల వాడుకలో మాత్రం ఆ మాట మనిషిని వదిలి యంత్రానికి అంటుకుంది. ‘పెళ్ళికి డీజే మాట్లాడారా?’ అని అడిగితే లారీ మీదో ట్రాక్టరు మీదో కట్టిన బేస్ బాక్సులు, టాప్‌లు, ఆంప్లిఫయర్లు, జనరేటరు, రంగుల లైట్లు అన్నీ కలిపి అడిగినట్టు. దాన్ని నడిపేవాడు ఆపరేటరు.

క్లబ్బులో, ఉత్సవంలో డీజే పని వేరు. అతని ముందు రెండు డెక్కులు, మధ్యలో మిక్సరు ఉంటాయి. ఒక పాట జనానికి వినిపిస్తుండగానే రెండోదాన్ని హెడ్‌ఫోన్‌లో విని, రెండింటి వేగాన్నీ సమానం చేసి, అతుకు తెలియకుండా కలుపుతాడు. వేగాన్ని నిమిషానికి ఇన్ని దెబ్బలని లెక్కిస్తారు. హౌస్ సంగీతం సుమారు 120 నుంచి 130 దెబ్బల్లో నడుస్తుంది. ట్రాన్స్ 130 నుంచి 140 దాకా, డ్రమ్ అండ్ బేస్ 170 పైదాకా పోతుంది. లయను క్రమంగా బిగిస్తూ పోయి, ఒక్క క్షణం అంతా ఆపి, ఆ వెంటనే బేస్‌ను ఒక్కసారిగా వదలడాన్ని ‘డ్రాప్’ అంటారు. అభిమానులు ఎదురుచూసేది ఆ క్షణం కోసమే. వేలమంది ఒక్కసారిగా గాల్లోకి లేచేదీ అప్పుడే.

యంత్రాలు ఎక్కడివి?

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 1950లలో లారీల మీద జనరేటరు, టర్న్‌టేబుల్, చేత్తో చేయించిన పెద్ద పెద్ద బాక్సులు ఎక్కించి వీధుల్లో పాటలు వేసేవారు. వాటిని సౌండ్ సిస్టమ్‌లు అనేవారు. డ్యూక్ రీడ్, కాక్సన్ డాడ్ వంటివారి బళ్ళు ఒకదానితో ఒకటి పోటీపడేవి. ఎవరి బేస్ గట్టిగా మోగితే, ఎవరి దగ్గర కొత్త పాట ఉంటే జనం అటు మొగ్గేవారు. కింగ్‌స్టన్‌లో పుట్టిన కూల్ హెర్క్ ఈ పద్ధతిని న్యూయార్క్ తీసుకువెళ్ళాడు. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో అతను నడిపిన పార్టీని హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. వలస వెళ్ళిన జమైకన్లతో ఇదే సంస్కృతి బ్రిటన్ చేరి, తరవాతి కాలంలో జంగిల్, డ్రమ్ అండ్ బేస్, డబ్‌స్టెప్‌లకు పునాది అయింది. ఏలూరు వీధిలో నిమజ్జనానికి కదిలే డీజే బండిని చూసినవారికి కింగ్‌స్టన్ లారీని వేరే వర్ణించి చెప్పనక్కర్లేదు.

అమెరికాలో మరో పాయ సాగింది. షికాగోలో 1977లో తెరిచిన వేర్‌హౌస్ క్లబ్బులో ఫ్రాంకీ నకల్స్ వాయించిన సంగీతానికి ఆ క్లబ్బు పేరు మీదే హౌస్ అని పేరొచ్చింది. డెట్రాయిట్‌లో హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ టెక్నోకు రూపమిచ్చారు. జపాన్ కంపెనీ రోలాండ్ 1980లో తెచ్చిన టీఆర్-808 డ్రమ్ మెషీను, ఆ వెంటనే వచ్చిన టీబీ-303 బేస్ యంత్రం ఈ సంగీతానికి గొంతునిచ్చాయి.

భారతదేశం ఈ కథలో ఆలస్యంగా చేరిందేమీ కాదు. అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో 1969లోనే మూగ్ సింథసైజరుతో స్టూడియో ఏర్పడింది. అక్కడ గీతా సారాభాయి తదితరులు చేసిన ప్రయోగాల రికార్డులు 2023లో వెలుగు చూశాయి. ముంబయి సినీ వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ 1982లో 808, 303 యంత్రాల మీద పది రాగాలు వాయించి ఒక రికార్డు విడుదల చేశాడు. ఆనాడు దాన్ని పట్టించుకున్నవారు లేరు. 2010లో తిరిగి విడుదలైనప్పుడు, ఆసిడ్ హౌస్ అనే శైలిని ఇంతముందే ఊహించిందెవరని ప్రపంచం ఆశ్చర్యపోయింది.

తెలుగు చెవికి ఎలా అలవాటైంది

తెలుగు ఊళ్ళకు ఈ ధ్వని సినిమా పాటగానే చేరింది. 1980లలో డిస్కో లయ మీద క్లబ్బు పాటలు వరసగా వచ్చాయి. ఆ పాటల తెరరూపంగా దక్షిణాది అంతటా పేరు పొందిన సిల్క్ స్మిత ఏలూరుకు దగ్గరి కొవ్వలి గ్రామంలో 1960లో పుట్టింది. 1986లో ఇళయరాజా కంప్యూటర్ సాయంతో స్వరాలు కూర్చిన తమిళ చిత్రం ‘పున్నగై మన్నన్’ తెలుగులో ‘డాన్స్ మాస్టర్’గా వచ్చింది. రాజ్-కోటి పాటల్లో కీబోర్డులు ముందు వరసకొచ్చాయి. వారి దగ్గర కీబోర్డు వాయించిన యువకుడే 1992లో ‘రోజా’తో దేశమంతా తెలిసిన ఎ.ఆర్. రెహమాన్. 2009లో ‘ఆర్య-2’ కోసం దేవిశ్రీ ప్రసాద్ చేసిన ‘రింగ రింగ’ రెండేళ్ళకు హిందీలో ‘ఢింక చిక’ అయి ఉత్తరాది పెళ్ళి డీజేలకూ సొంత పాటైపోయింది.

2018లో ఫ్రెంచి డీజే ‘డీజే స్నేక్’ తన ‘మజెంటా రిద్దిమ్’ పాట వీడియోను హైదరాబాదులో చిత్రించాడు. తెలుగు సినిమా నృత్యాల హుషారు, అగ్నిమాపక సిబ్బంది వేషాల్లో ఆటగాళ్ళు ఆ వీడియోకు ప్రాణం. 2022 ఫిబ్రవరి 12న విడుదలైన ‘డీజే టిల్లు’లో హైదరాబాదు వీధి డీజే ఏకంగా కథానాయకుడయ్యాడు. పెళ్ళి బరాత్‌ల వెనక నిలబడి బాక్సులు మోగించే కుర్రాడు తెర మధ్యకు రావడం ఆ వృత్తిలోని వారందరికీ గుర్తింపే.

కాలువ గట్ల మీద

విజయవాడ నుంచి వచ్చే కృష్ణా కాలువ, గోదావరి నుంచి వచ్చే కాలువ కలిసేది ఏలూరులో. రెండు నదుల నీళ్ళు కలిసినట్టే ఇక్కడి సంబరాల్లో పాత మేళాలు, కొత్త యంత్రాలు కలిసిపోయాయి. గ్రామదేవత సంబరాల్లో గరగలు నెత్తిన పెట్టుకుని డప్పు లయకు ఆడే నృత్యం గోదావరి జిల్లాల సొత్తు. ఊరేగింపుల్లో తాషాలు, సన్నాయి మేళం, బ్యాండు వరసగా నడిచేవి. ఆ తరవాత మైకుసెట్లు, వాటి వెంట రికార్డింగ్ డ్యాన్సులు వచ్చాయి. అన్నిటికన్నా చివర వచ్చిన డీజే బండి వీటిలో కొన్నింటిని పక్కకు నెట్టింది, కొన్నింటిని తనలో కలుపుకుంది. డప్పు దరువును రికార్డు చేసి, దాని కింద ఎలక్ట్రానిక్ బేస్ పరిచి, పైన సినిమా పాట పల్లవి అతికించిన మిక్స్‌లు నేడు ప్రతి ఊరేగింపులోనూ వినిపిస్తాయి.

ఈ కలగలుపు విలువ గుర్తించినవారు బయటా ఉన్నారు. న్యూక్లియా పేరుతో వాయించే ఉద్యాన్ సాగర్ వీధి మేళాల ధ్వనినే బేస్ సంగీతంగా మలిచాడు. 2015లో ‘బేస్ రాణి’ని వినాయక నిమజ్జనాల వేళ జనంలోకి వదిలాడు. నిమజ్జనం లారీ మీద మోగేదీ, టిక్కెట్టు కొని వెళ్ళే ఉత్సవ వేదిక మీద మోగేదీ అన్నదమ్ములేనని అతని విజయం నిరూపించింది.

ప్రదర్శన కోసం పొరుగూళ్ళు దాటి పోవడం కూడా ఈ సీమకు కొత్త కాదు. పద్యనాటకాలకు బళ్ళు కట్టుకుని పోయి తెల్లవార్లూ కూర్చున్న తాతల కాలం మరీ దూరం కాదు. నచ్చిన పద్యానికి జనం ‘ఒన్స్‌మోర్’ అని అరిస్తే నటుడు మళ్ళీ రాగం ఎత్తుకునేవాడు. కింగ్‌స్టన్ సౌండ్ సిస్టమ్‌లలోనూ, నేటి డ్రమ్ అండ్ బేస్ సభల్లోనూ అచ్చం ఇదే ఆచారం ఉంది. జనం కేకలు పెడితే డీజే పాటను వెనక్కి తిప్పి మొదటి నుంచి వేస్తాడు. దాన్ని వాళ్ళు ‘రివైండ్’ అంటారు.

తాడేపల్లిగూడెంలో 2015లో ఎన్ఐటీ ఏర్పడటంతో దేశం నలుమూలల విద్యార్థులు ఈ పట్టణానికి వచ్చారు. ఇంజనీరింగ్ కళాశాలల వార్షికోత్సవాలు డీజే నైట్‌తో ముగియడం ఇప్పుడు మామూలైంది. ఊరి తీర్థంలో సినిమా మిక్స్‌లకు ఆడిన కుర్రాళ్ళు, ఆడపిల్లలు హౌస్, ట్రాన్స్, టెక్నో అనే పేర్లు తెలుసుకునేది ఎక్కువగా ఈ హాస్టళ్ళలోనే. ఒకరి ఫోన్‌లోని సెట్, అంటే ఒక డీజే ఏకబిగిన వాయించిన ప్రదర్శన, ఇంకొకరి చెవిలో పడటంతో కొత్త అభిమాని తయారవుతాడు.

ప్రయాణం

భారతదేశంలో ఈ అభిమానానికి తీర్థస్థలం గోవా. 1960ల చివర అంజునా తీరానికి చేరిన హిప్పీల పార్టీల్లోంచి 1990లలో గోవా ట్రాన్స్ పుట్టి ఇజ్రాయెల్, యూరప్‌లకు పాకింది. అమెరికాలో పుట్టి గోవాలో స్థిరపడిన గోవా గిల్ దానికి పెద్దదిక్కు, 2023లో కన్నుమూశాడు. వ్యవస్థీకృత ఉత్సవంగా సన్‌బర్న్ 2007 డిసెంబరులో గోవాలోని కాండోలిమ్ తీరాన మొదలైంది. 2016లో పుణె పరిసరాలకు మారింది, తిరిగి గోవాకు వచ్చింది, 2025 డిసెంబరులో ముంబయి చేరింది. 2013లో సూపర్‌సోనిక్ ఉత్సవం దీనికి పోటీగా వచ్చింది. పెద్ద ఉత్సవంతో పాటు నగరాల్లో ఒక్క కళాకారుడితో జరిపే అరీనా ప్రదర్శనలనూ సన్‌బర్న్ నడుపుతోంది. నార్వే డీజే అలన్ వాకర్ 2024లో పది భారతీయ నగరాల్లో చేసిన యాత్రలో హైదరాబాదు ఉంది.

డెల్టా అభిమానికి భూగోళం కలిసొచ్చింది. ఏలూరు, తాడేపల్లిగూడెం రెండూ చెన్నై-హౌరా రైలు మార్గం మీదే, కోల్‌కతా-చెన్నై జాతీయ రహదారి 16కు ఆనుకునే ఉన్నాయి. సాయంత్రం రైలెక్కితే తెల్లవారేసరికి హైదరాబాదు. హౌరా నుంచి వాస్కోడిగామా వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఈ దారినే వచ్చి విజయవాడ, గుంటూరు, హుబ్లీ మీదుగా గోవా చేరుతుంది. టిక్కెట్టు ముందే కొంటే చౌక, ఆలస్యమైతే మోత. కాబట్టి ప్రకటన వెలువడగానే స్నేహితులంతా డబ్బులు పోగేస్తారు. హైదరాబాదులో చదివే పిన్ని కొడుకో, ఉద్యోగం చేసే హాస్టల్ మిత్రుడో రాత్రి పడుకోవడానికి చోటు చూస్తాడు.

వెళ్ళలేనివారికి అంతర్జాల ప్రసారాలున్నాయి. బెల్జియంలోని బూమ్ పట్టణంలో 2005లో మొదలైన టుమారోలాండ్ ఉత్సవం తన వేదికలను ప్రత్యక్షంగా చూపిస్తుంది. డచ్ డీజే ఆర్మిన్ వాన్ బ్యూరెన్ 2001 నుంచి నడుపుతున్న ‘ఎ స్టేట్ ఆఫ్ ట్రాన్స్’ రేడియో కార్యక్రమం వారం వారం వస్తుంది. బూమ్‌లో సాయంత్రమైతే ఏలూరులో అర్ధరాత్రి. జాగారం తప్పదు.

అభిమానుల ఆచారాలు

ఉత్సవ మైదానంలో అపరిచితులు పూసల గాజులు మార్చుకుంటారు. వీటిని కాండీ అంటారు. శాంతి, ప్రేమ, ఐక్యత, గౌరవం అనే నాలుగు మాటలు వీరి నడవడికి సూత్రం. 1990ల తొలినాళ్ళలో న్యూయార్క్ డీజే ఫ్రాంకీ బోన్స్ చుట్టూ ఉన్న బృందాల్లో ఇది వ్యాపించింది. గుంపులో తప్పిపోకుండా ఎత్తైన కర్రకు బొమ్మో జెండానో కట్టి పట్టుకుంటారు. పేరు తెలియని పాట వినిపిస్తే అదేమిటో కనిపెట్టేదాకా నిద్రపోరు. ఫలానా సెట్‌లో ఫలానా నిమిషం దగ్గర ఏ పాట కలిపాడో పట్టీలు తయారు చేసుకుంటారు. ఎన్టీఆర్ ఏ సినిమాలో ఏ పద్యం ఎలా చెప్పారో వరసపెట్టి చెప్పే పాత అభిమానుల శ్రద్ధ వీరిలోనూ ఉంది.

పడిపోయినవారిని లేపడం, నీళ్ళందించడం, ఆడపిల్లల చుట్టూ స్నేహితులు వలయంగా నిలబడటం కూడా ఈ ఆచారాల్లోవే. జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్‌లో 2010 లవ్ పరేడ్ తొక్కిసలాటలో 21 మంది చనిపోయారు. 1989లో బెర్లిన్‌లో మొదలైన ఆ ఉత్సవం అంతటితో ఆగిపోయింది. జనం వచ్చే దారి, పోయే దారి వేరుగా ఉన్నాయా అని ముందే చూసుకోవడం అప్పటినుంచి అనుభవమున్న ప్రతి అభిమానికీ అలవాటైంది.

మాదకద్రవ్యాల నీడ ఈ సంగీతం మీద ఉన్న మాట నిజం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద అవి దగ్గర ఉంచుకోవడమే నేరం. ఆంధ్రప్రదేశ్ 2024లో ఈగల్ అనే ప్రత్యేక దళాన్ని ఏర్పాటు చేసి 1972 నంబరుతో సహాయవాణి తెరిచింది. సంగీతాన్ని నిజంగా ప్రేమించేవారికి మత్తు అవసరం లేదు. డ్రాప్ దగ్గర గుండె ఝల్లుమనడానికి బేస్ ఒక్కటే చాలు.

చెవి, చట్టం

2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. ఆసుపత్రులు, బడులు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు మోగరాదు. సాంస్కృతిక, మత ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్రానికి ఉంది. హైదరాబాదు పోలీసులు 2024లో మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను పూర్తిగా నిషేధించారు.

ఊరేగింపు బండికీ ఉత్సవ వేదికకూ తేడా ఇక్కడే తెలుస్తుంది. పెద్ద ఉత్సవాల్లో స్పీకర్లను ఎత్తున వరసగా వేలాడదీసి, జనం మీదకు మాత్రమే వంచుతారు. మైదానం వెనక మరికొన్ని స్తంభాలు పెట్టి ధ్వనిని సమంగా పంచుతారు. బండి మీద బాక్సులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే వైపు వదులుతారు. ముందు నిలబడ్డవారి చెవులు అదిరిపోతాయి, వీధి చివరి ఇంట్లో ముసలాయనకు నిద్ర పట్టదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికలకు ప్రమాణాలు ప్రకటించింది. సగటు ధ్వని 100 డెసిబెల్స్ దాటకూడదని, చెవి బిరడాలు అందుబాటులో ఉంచాలని, విశ్రాంతికి నిశ్శబ్దమైన చోటు చూపాలని చెప్పింది. వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ ధ్వనిని రోజుకు 8 గంటలు భరించవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ గడువు సగమవుతుంది. అంటే 100 దగ్గర చెవికి మిగిలేది 15 నిమిషాలే. లోపలి చెవిలోని సూక్ష్మ రోమకణాలు ఒకసారి చస్తే తిరిగి పుట్టవు. రాత్రంతా ఆడి ఇంటికొచ్చాక చెవిలో మిగిలే గుయ్‌మనే మోత వాటి హెచ్చరిక.

కొల్లేటి నిశ్శబ్దం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరును 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేల అయింది. కైకలూరు దగ్గర ఆటపాకలో పెలికాన్‌లు గూళ్ళు కడతాయి. స్థానికులు వాటిని గూడబాతులంటారు. కైకలూరు మండలంలోని కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతర ఫాల్గుణ మాసంలో వస్తుంది. లంక గ్రామాల జనమంతా కదిలే ఆ రోజులు ఆటపాకలో పక్షుల పిల్లలు ఇంకా గూళ్ళలోనే ఉండే కాలం.

నీటి మీద ధ్వని నేల మీదకంటే దూరం పోతుంది. రాత్రివేళ నీటిని ఆనుకున్న గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉన్నప్పుడు, పైకి పోవలసిన ధ్వని తరంగాలు వంగి మళ్ళీ కిందికే వస్తాయి. గట్టు మీద పెట్టిన ఒక్క బేస్ బాక్సు మోత అవతలి లంకకు వినబడటానికి కారణం ఇదే. లంకల్లోని పసిపిల్లలకూ, గూళ్ళలోని కూనలకూ ఆ మోత నుంచి పక్కకు పోయే వీలు లేదు.

ఇందుకు పరిష్కారం ఖర్చుతో కూడినదేమీ కాదు. కొల్లేటి గట్టున సంబరం చేసే కమిటీలు బాక్సుల ముఖం సరస్సు వైపు కాకుండా ఊరి వైపు జనం మీదకు తిప్పాలి. బేస్ తగ్గించాలి. పది గంటలకు యంత్రం ఆపాలి. అభిమానులు తమ మొదటి ఉత్సవానికి టిక్కెట్టుతో పాటు ఒక జత చెవి బిరడాలు కూడా కొనుక్కోవాలి.